హికరీ చెట్టు మీద కోపం

లూసీ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి, తెల్ల బూట్లయినా విప్పకుండా వంటింటి కిటికీ దగ్గరికే పోయింది. "ఏమర్రా, తిన్నారా?" అంది. ఎవరితో? పెరట్లో ఉడతలతో! స్టవ్ దగ్గర కాఫీ కలుపుతున్న మొగుడు సత్యానందానికి ఒళ్లు మండిపోయింది. తనని అంత ముద్దుగా పలకరించి ఎన్నేళ్లయిందో! మందుల గోడౌన్‌లో వారమంతా పెట్టెలు మోసే మనిషి, సెలవున్న శనివారం కూడా పెళ్లాం వీపే చూడాలి.

ఎనభై మూడులో అమెరికా వచ్చి ఎడిసన్‌లో ఈ ఇల్లు కొన్నప్పుడు దాంతోపాటే హికరీ చెట్టూ వచ్చింది. దాని బెరడు పొడుగాటి పెచ్చులుగా లేచి వేలాడుతుంటుంది. కాయల కోసం ఉడతలు, పురుగుల కోసం వడ్రంగి పిట్ట, పెచ్చుల కింద పగలంతా పడుకునే చిన్న గబ్బిలాలు. చర్చి నుంచి ఎవరొచ్చినా లూసీ ముందు అక్కడికే తీసుకుపోతుంది. "గబ్బిలాలు పిల్లలతో ఉన్నాయి, మెల్లగా మాట్లాడండి," అంటుంది. ఇంట్లో మొగుడున్నాడన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు.

"కాఫీ చల్లారిపోతోంది, లూసీ."

"అక్కడ పెట్టండి, తాగుతా."

తాగలేదు. వెళ్లి పడుకుంది.

సత్యానందం చెట్టుకి నిచ్చెన వేశాడు. తన ఊరు నర్సాపురంలో వానలకు ముందు కొబ్బరిచెట్టెక్కి ఎండుమట్టలూ పీచూ లాగేసేవాళ్లు. ఇదీ అంతేనని సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి అతనికి తెలుసు. అసూయ. చెట్టు మీద అసూయ, ఛీ! అయినా ఇనప బద్దతో పెచ్చు తర్వాత పెచ్చు పెరికేశాడు. గబ్బిలాలు పట్టపగలే బెదిరి, ఇళ్ల కప్పుల మీదుగా చెల్లాచెదురైపోయాయి. పీడా పోయిందనుకున్నాడు.

సాయంత్రం లేచి లూసీ పెరట్లోకి వచ్చింది. మాను బోడిగా నిలబడి ఉంది.

"చెట్టు క్లీన్ చేశాను. జబ్బు చేసినట్టుంటేనూ..."

"జబ్బు కాదండీ. దాని ఒళ్లే అంత."

కింద పడ్డ ఒక పెచ్చును వంగి తిరగేసింది. లోపలివైపు వేలెడంత గబ్బిలం పిల్ల కరుచుకుని ఉంది. కదల్లేదు.

"నాతో మాట్లాడాలనుంటే పిలవొచ్చుగా?" అంది.

"పిలుస్తూనే ఉన్నాను. నువ్వెప్పుడు పలికావు?" అన్నాడు.

లూసీ చాలాసేపు అతని మొహంలోకి చూసింది. ఇన్నాళ్లూ అతను కోరుకున్నది ఆ చూపే. తీరా ఆమె చూస్తే తట్టుకోలేక తల దించుకున్నాడు.

ఆమె పిల్లను జేబురుమాల్లో చుట్టి చెట్టు మొదట్లో పాతిపెట్టింది. చేతులు కడుక్కుంది. యూనిఫాం వేసుకుని, కిటికీ వైపుగానీ అతని వైపుగానీ చూడకుండా డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆమె డ్యూటీకి తీసుకెళ్లాలని మధ్యాహ్నం అతను కలిపిన పులిహోర డబ్బా, పైన పెట్టిన చెంచాతో సహా, టేబుల్ మీదే ఉండిపోయింది.