టైముకొచ్చిన రైలుకు దండ

కాజీపేట నుంచి పొద్దున పట్నం వైపు వెళ్ళే ప్యాసింజరు రైలు ఎన్నింటికని హన్మకొండలో ఎవరినడిగినా ఏడున్నరకని చెబుతారు. స్టేషన్ బోర్డు మీద మాత్రం ఏడూ పది అని ఉంటుంది. ఆ బోర్డును నమ్మి ఎవడైనా ముందే వచ్చి నిలబడ్డాడంటే వాడు కచ్చితంగా పరాయి ఊరివాడే.

చంద్రమౌళి జనగామలో గుమాస్తా, డైలీ ప్యాసింజర్ల సంఘానికి కార్యదర్శి. జీతం కోసం ఉద్యోగం చేస్తాడు గానీ ఆయన ప్రాణమంతా వినతిపత్రాల మీదే. ఏ ఆఫీసుకు రాసినా మూడు పేజీలకు తగ్గడు.

ఒకరోజు రైల్లో సుకన్య వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. జనగామలో ఓ ప్రైవేటు బడిలో టీచరు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"మౌళన్నా, నిన్న రైలు ఏడూ యాభైకొచ్చె. రిజిస్టర్ల నాకు రెండో ఎర్రగీత పడ్డది. మూడోది పడితే ఇంటికే పొమ్మన్నడు హెడ్మాస్టరు సారు. నా ఒక్కదాని జీతం మీదనే ఇల్లు నడుస్తాంది. నువ్వు జర ఏమన్న చెయ్యన్నా."

"ఫికర్ చెయ్యకు చెల్లే. ఇయ్యాల్నే రాస్త."

రాశాడు. రైలును ప్రకటించిన సమయానికే నడపాలని మూడు పేజీల ప్రార్థన, కింద నలభై రెండు సంతకాలు. విచిత్రమేమిటంటే నెల తిరక్కుండానే జవాబొచ్చింది. సోమవారం నుంచి రైలు ప్రకటించిన సమయానికే నడుస్తుందట. సంఘం పొంగిపోయింది. సుకన్య అయితే ఆయన కాళ్ళకు దండం పెట్టినంత పనిచేసింది. ప్రకటించిన సమయం ఎంతో చూడాలన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు. రైలు టైమంటే ఏడున్నర, అందులో చూసేదేముంది?

సోమవారం ఇంజను డ్రైవరుకు వేయడానికి బంతిపూల దండ, కిలో లడ్డూలు తీసుకుని అందరూ హన్మకొండలో ఉప్పలయ్య నడిపే మొదటి సిటీబస్సెక్కారు. బస్సు ఎప్పటిలాగే ఏడూ ఇరవైకి స్టేషన్ ముందు ఆగింది. లోపల ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. చాయ్ కొట్టు యాకమ్మ గ్లాసులు కడుగుతోంది.

"ఇప్పుడా వచ్చేది? రైలు పోయె! ఏడూ పదికి వచ్చింది, రెండు నిమిషాలు ఆగింది, పోయింది. ఒక్కలు ఎక్కితే ఒట్టు."

చంద్రమౌళి దండతో సహా బయటికి పరుగెత్తి ఉప్పలయ్య మీద విరుచుకుపడ్డాడు. "రైలుకు అందని బస్సు ఎందుకయ్యా?"

"నా మీద గరమైతే ఎట్ల సారూ? ఇదివరకు ఈ బస్సు ఏడింటికే వస్తుండె. రైలు ఎట్లాగూ లేటే, ఆడోళ్ళు చలిల నిలవడుతున్నరు, బస్సును ఇరవై నిమిషాలు ఎనక్కి జరపుండ్రి అని డిపోకు రాసిందెవరు? ఆ కాయితం కింద మీ దస్కతే ఉన్నది."

నిజమే. ఆరేళ్ళ కిందటి సంగతి. అప్పుడు కూడా మూడు పేజీలే. ఆ పని సాధించినందుకు సంఘం తనకు దండ వేయడం కూడా చంద్రమౌళికి గుర్తొచ్చింది. సుకన్య జనగామ బస్సు ఎన్నింటికని ఉప్పలయ్యను అడుగుతోంది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

హెడ్మాస్టరుకు నచ్చజెబుతానని ఆమె వెంటే బస్సులో జనగామ వెళ్ళాడు. చేరేసరికి తొమ్మిదిన్నర. రాజేశ్వర్ రావు సారు రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు.

"రైలు లేటా అమ్మా?"

"లేదు సార్. టైముకే వచ్చింది."

"లేటైన రైలుకు ఆ రెండుసార్లు గీతతోని సరిపెట్టిన. టైముకొచ్చిన రైలును కూడ అందుకోకపోతే ఇగ తప్పెవరిది?" మూడో గీత గీసి పెన్ను మూత పెట్టాడు. నెలాఖరు దాకా వచ్చి, ఆ తర్వాత మానెయ్యమన్నాడు. అప్పుడు ఆయన చూపు చంద్రమౌళి చేతిలో వాడిపోతున్న పూల మీద పడింది. "ఆ దండ ఎవరికి?"

చంద్రమౌళి దండను వీపు వెనక్కి దాచుకున్నాడు. సుకన్యే చెప్పింది.

"రైలుకు సార్. లేటు లేకుంట వచ్చినందుకు."