నినాదాల డ్యూటీ

మారేడ్‌పల్లిలో బధిర యువత ఊరేగింపు నాలుగడుగులు వేసిందో లేదో, పోలీసులు ఆపేశారు. కారణం, నినాదాలు వినిపించకపోవడం.

ఊరేగింపు నడిపిస్తున్న ప్రిసిల్లా జాతీయ బధిర యువజన సంఘానికి సికింద్రాబాద్ కార్యదర్శి. ఆమెకు పుట్టుకతోనే వినిపించదు. బధిరుల ఫిర్యాదుల కోసం పెట్టిన హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి నోటితో మాట్లాడితే తప్ప పని జరగదు. వీడియో కాల్ పెట్టండని ఎంత తిరిగినా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి మల్కాజ్‌గిరి నుంచీ యాప్రాల్ నుంచీ తోటివాళ్లను కూడగట్టుకుని రోడ్డెక్కింది.

"నినాదాలు ఇస్తూ పోతమని పర్మిషన్ తీస్కున్నరు. మీరేమో సప్పుడు చేస్తలేరు. మాకు డౌట్ రాదా?" అన్నాడు ఎస్సై మధుసూదన్.

ప్రిసిల్లా చేతులు చకచకా కదిలాయి. ఆమె సైగలను మాటల్లో చెప్పే స్నేహితురాలు అనుపమ, "ఇస్తూనే ఉన్నం, చూడండి అంటోంది సార్" అంది.

నిజమే. వెనక చేతులన్నీ ఒక్కసారే లేచి, ఒక్కతీరుగా తిరుగుతున్నాయి.

"చూస్తే కాదమ్మా, మా పోలీస్ రికార్డింగ్‌ల వినబడాలె."

"పోనీ నేను అరుస్త సార్."

"నీకు వినబడతది కదా, నువ్వెట్ల అరుస్తవ్? మా వీరయ్య అరుస్తడు."

"ఆయనకు సుత వినబడతది కదా సార్?"

"ఆయన డ్యూటీల ఉన్నడు."

కానిస్టేబుల్ వీరయ్య మొదట సిగ్గుపడ్డాడు. అనుపమ చెప్పిన మాటలు గొణిగాడు. సందు తిరిగేసరికి ఊపందుకున్నాడు. "మేము చెవిటోళ్లం! మాకు ఫోన్లొద్దు!"

ప్రిసిల్లాకు కనిపించినవి అతని మెడ నరాలూ, ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్న కిటికీలూ. ఇన్నాళ్లూ ఆ కిటికీల్లోంచి తమవైపు ఎవరూ చూడలేదు. ఆమెకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

హెల్ప్‌లైన్ ఆఫీసు ముందుకు చేరగానే అక్కడి అధికారి దిగివచ్చి, తిన్నగా వీరయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఎన్నేండ్ల నుంచి వినబడదు?"

"నాకు వినబడతది సార్."

"శభాష్! నయమైందన్నమాట. నీ నంబరియ్యి, ఫోన్ చేసి చెప్త."

వీరయ్యకు ఎక్కడలేని కోపం వచ్చింది. "గదే వద్దంటున్నం సార్! ఇంతసేపు మొత్తుకున్నది అదే! మా లీడర్ ఆ అమ్మ. ఆమె దిక్కు జూసి మాట్లాడండ్రి."

అధికారి అప్పుడు చూశాడు ప్రిసిల్లాను. ఆమె అతని కళ్లలోకి చూస్తూ, తొందరపడకుండా, అంతా చెప్పింది. అనుపమ మాట మాటా వినిపించింది. నెలలోపు వీడియో కాల్ పెట్టిస్తానని అందరి ముందూ ఒప్పుకోక తప్పలేదు అతనికి.

పెట్టించాడు కూడా. మొదటి కాల్ ప్రిసిల్లాయే చేసింది. తెర మీద ఒక కుర్ర ఉద్యోగి ప్రత్యక్షమై, ఆమెను చూసి కంగారుపడి, మైకు నోటికి దగ్గరగా లాక్కున్నాడు. అతని పెదవుల కదలిక ఆమెకు స్పష్టంగా అర్థమైంది: "హలో మేడమ్, వినబడుతోందా?"

ప్రిసిల్లా పడీ పడీ నవ్వింది. కళ్లు తుడుచుకుని, ఫోన్‌ను గోడకు ఆనించి నిలబెట్టి, రెండు చేతులూ ఎత్తి అతనికి సైగల్లో నమస్కారం చెప్పడం నుంచి నేర్పడం మొదలుపెట్టింది.