ఆరు చుక్కలు

మా చెత్తదిబ్బ మీద గాలి ఎంత చిక్కగా ఉండేదంటే, కాకులు రెక్కలాడించకుండా దాని మీదే కూర్చునేవి. ఈ మాట మా ఆవిడ పాపాయితో అంటే, "సగం తీసెయ్" అంది. పెళ్లయిన నాటినుంచీ అదే వరస. ఉప్పుటేట్లో తాటిచెట్టంత పండుగొప్ప చేపను పట్టానన్నా సగం తీసేసేది. మిగతా సగం మాత్రం నిజంగా నమ్మేది.

నేను భీమవరంలో చెత్త ట్రాక్టరు తోలేవాణ్ణి. పాపాయి ఆ దిబ్బ మీదే రొయ్యల మేత సంచులు ఏరి, దులిపి అమ్మేది. రెండువేల మూడు వానాకాలంలో తనకి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. డాక్టరుగారు మూడు రకాల బిళ్లలు మార్చారు. తగ్గలేదు.

ఆ రోజుల్లోనే కాలేజీ నుంచి ఉమాశ్రీ మేడంగారు ఆరు గుండ్రటి పళ్లేలు తెచ్చారు. వాటిలో జున్నులాంటిదేదో పోసి ఉంది. దిబ్బ దగ్గర మూత తీసి కాసేపు పెడితే గాలిలోని క్రిములు దాని మీద పడి పెరుగుతాయట. తరవాత ఒక్కో పళ్లెంలో ఆ క్రిముల మధ్య, ఒక్కోదానికి ఒక్కో మందు అద్దిన ఆరు కాగితం చుక్కలు పెడతారట. మందు పనిచేస్తే చుట్టూ ఉన్నవి చచ్చి, ముగ్గు చుక్కకి గీత చుట్టినట్టు ఖాళీ గుండ్రం వస్తుంది. ఏ మందుకి లొంగుతాయో అలా తెలుస్తుందన్నారు.

ఆ ఆఖరి మాట నా చెవిలో ఉండిపోయింది. పళ్లేలు పెట్టే పని నాకే అప్పగించారు. ఐదు దిబ్బ దగ్గర పెట్టాను. ఆరోది ఇంటికి పట్టుకెళ్లి, పాపాయి మంచం పక్కన మూత తీసి, దగ్గమన్నాను. నీకు పిచ్చి ముదిరిందని నవ్వబోయి, నిజంగానే దగ్గింది.

వారం తరవాత కాలేజీకి వెళ్లాను. ఐదు పళ్లేల్లో అక్కడొకటి ఇక్కడొకటి గుండ్రాలున్నాయి. ఆరోదాంట్లో ఆరు చుక్కలకీ ఒక్కటీ లేదు. చుక్కల్ని ఆనుకునే పెరిగాయి క్రిములు.

"ఇది దిబ్బకి ఏ వైపు పెట్టారండీ గంగయ్యగారూ?"

నోటిదాకా ఒక కోత వచ్చింది గానీ బయటికి రాలేదు.

"మా ఇంట్లోనండి. మా ఆవిడ మంచం పక్కన."

మేడంగారు ఆ పళ్లేనికి మూత బిగించి పక్కన పెట్టారు. ఆసుపత్రి మందులూ, రొయ్యల చెరువుల మందులూ అన్నీ ఆ దిబ్బకే చేరతాయనీ, వాటి మధ్య బతకడం నేర్చిన క్రిములకి మన బిళ్లలంటే లెక్కుండదనీ చెప్పారు. పాపాయి జబ్బు వీటివల్లేనని తాను చెప్పలేననీ, తెల్లారగానే పెద్దాసుపత్రిలో కఫం పరీక్ష చేయించమనీ చీటీ రాసిచ్చారు.

ఇంటికొచ్చేసరికి పాపాయి గోడకి ఆనుకుని కూర్చుంది. మేడంగారు ఏమన్నారని అడిగింది.

"ఆరు చుక్కలు పెట్టారే. ఆరింటికీ గుండ్రాలొచ్చాయి. ఒక్కోటీ పున్నమి చంద్రుడంత."

ఊపిరి కూడదీసుకుంది. "సగం తీసెయ్. మూడు. మూడు మందులున్నా చాల్లే."

ఆ పూట గంజి అంతా తాగింది.

పెద్దాసుపత్రిలో పదకొండు రోజులుంది. ఇంటికి నేనొక్కణ్ణే వచ్చాను.

కోతలు ఇప్పటికీ కోస్తూనే ఉన్నాను. కానీ ఆ ఒక్కటి తక్కువ కోశాను. పన్నెండు చుక్కలని చెప్పాల్సింది. సగం తీసేసినా తనకి ఆరూ మిగిలేవి.