కుందేలు మెడలో ఏడో పూస

సీసాలో ఫార్మలిన్ సరిగ్గా దారం దగ్గరే ఉంది. అయినా అటెండరు వంగి, ఒక కన్ను మూసి మళ్లీ చూశాడు. సాయంత్రం ప్రతి సీసాకూ మట్టం దగ్గర దారం కట్టి, పొద్దున వచ్చి సరిచూసుకోవడం అతని అలవాటు. బీరువా పిడి మీద దుమ్ము మాత్రం తుడిచేవాడు కాదు. ఎవరు ముట్టుకున్నా వేళ్ల గుర్తులు పడాలి. కాలేజీ జంతుశాస్త్రం గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఏదీ పోలేదు. ఎవరో ఏదో ఎత్తుకుపోతారని ముప్ఫై ఒక్క ఏళ్లుగా అతనికి అనుమానమే.

సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎంతసేపు నిలబడినా గోడకు ఆనుకోడు. పిల్లలు వెనకాల ఎముకలాయన అంటారు. ఈ పొద్దున లేచినప్పటి నుంచి రెండు భుజాల మధ్య పట్టేసినట్టుంది. తనకు చెప్పకుండా భార్య పరుపులో దూది మార్చిందేమో అనుకున్నాడు.

ఈరోజు పిడి మీద దుమ్ములో మూడు వేళ్ల గుర్తులున్నాయి. సన్నటి వేళ్లు.

కొత్త మేడమ్ వచ్చి రెండు నెలలైంది. వచ్చినప్పటి నుంచి బీరువా ముందు నిలబడి చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. ప్లాస్టిక్ బొమ్మలైతే పురుగు పట్టదని ప్రిన్సిపాల్‌తో అనడం అతను చెవులారా విన్నాడు. కింది అరలోని కుందేలు అస్థిపంజరాన్ని ఉద్యోగంలో చేరిన ఏడాది అతనే చేశాడు. ఇంట్లో పొయ్యి మీద ఉడకబెట్టి, పుల్లతో మాంసం గీరి, ఒక్కొక్క వెన్నుపూసా ఇత్తడి తీగకు గుచ్చాడు. రేపు ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి పరీక్షకుడు వస్తున్నాడు. కుందేలులో ఏ చిన్న లోపం కనిపించినా దాన్ని బయట పారేయడానికి మేడమ్‌కు సాకు దొరికినట్టే.

పదింటికి పిల్లలొచ్చారు. మేడమ్ పై అరలోంచి వేలెడు కూడా లేని జీవి ఉన్న సీసా తీసింది.

"దీనికి ఎముకల్లేవు. వీపు పొడవునా మెత్తటి పోగు ఒక్కటే. అదే పృష్ఠవంశం. కోట్ల ఏళ్ల తర్వాత ఆ పోగు చుట్టూ పూసలొచ్చాయి. చేపకి, కప్పకి, మనకి. తల్లి కడుపులో మొదట మనకీ ఆ పోగే. జిరాఫీ మెడలో ఎన్ని పూసలు?"

"ఏడు!"

"కుందేలు మెడలో?"

రెండు జడల అమ్మాయి వంగి, వేలితో ఒక్కొక్కటీ తాకింది. "ఆరు మేడమ్."

"సరిగ్గా చూడు."

"ఒట్టు మేడమ్, ఆరే."

"తాతా, ఒకటి కూరలో పడిందా?" వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ పకపకా నవ్వారు.

అటెండరు పిల్లల్ని తోసుకుంటూ వచ్చాడు. ఏటా పుల్ల ఆడిస్తూ ఒకటి, రెండు అని చెప్పి, ఏడు దగ్గర ఆపేవాడు. పుల్ల ఎప్పుడూ నోటి వెంటే పరుగెత్తేది. ఈసారి వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఆరు.

"నిన్న బీరువా తెరిచింది మీరే" అన్నాడు మేడమ్‌తో. "పిడి మీద వేళ్లున్నాయి."

"తెరిచాను. తోక దగ్గర తీగ వదులైతే బిగించాను."

"మీ సంచి చూడాలి."

మేడమ్ సంచి బల్ల మీద బోర్లించింది. దువ్వెన, మందుల చీటీ, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, ఆ చిన్న పుస్తకం. పుస్తకాన్ని ఆమే తెరిచి అతని ముందు పెట్టింది. కప్ప, మార్చాలి. పావురం, మార్చాలి. కుందేలు, చేతిపని చాలా బాగుంది, ఉంచాలి.

"ఇంకేమైనా చూడాలా?"

అతను తల అడ్డంగా ఊపాడు. అయినా సాయంత్రం ఇంటికి నడుస్తుంటే, తను చూస్తాడని తెలిసే అలా రాసిందేమో అనిపించింది. దారిలో రెండుసార్లు ఆగాడు. ఎడమ చెయ్యి కూడా లాగుతోంది.

భార్య గుమ్మంలో కూర్చుని చొక్కాకు గుండీ కుడుతోంది. అతను గోడ పక్కన బల్ల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు.

"ఆడమనిషి సంచి దులిపించావా! సిగ్గు లేదటయ్యా?"

"మరి దొంగని పట్టుకోవద్దా?"

"ఏ పూస పోయింది?"

"మెడది. చివరిది. ఏమే, అలా చూస్తావేం?"

"ఏం లేదు."

"నువ్వు ఏం లేదన్నావంటే ఏదో ఉన్నట్టే."

"తిట్టనంటే చెప్తా."

"ముందు చెప్పవే."

"తిట్టనని అను."

అతను భుజాలు నొక్కుకున్నాడు. "సరే. తిట్టను."

ఆమె లోపలికి వెళ్లింది. పెట్టె మూత తెరిచిన చప్పుడైంది.

"అప్పుడు కుందేలు ఉడికిన గిన్నె కడుగుతుంటే అడుగున దొరికిందయ్యా. నువ్వప్పటికే తీగ మెలేసి, అప్పటి ప్రిన్సిపాల్‌కి చూపించి, మెప్పు కూడా పొందొచ్చావు. కొత్త కాపురం. చెప్తే మీద పడతావని దాచేశా. తర్వాత చెప్దాం, తర్వాత చెప్దాం అనుకుంటూనే ఇన్నేళ్లయిపోయింది. రేపు నేనే వచ్చి ఆ మేడమ్‌కి చెప్తాలే."

డబ్బా పట్టుకుని బయటికొచ్చింది. అతను వీపు గోడకు ఆనించి కూర్చున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో అతను అలా కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"తిట్టనన్నావుగా. మరి మాట్లాడవేం?"

డబ్బా బల్ల మీద పెట్టి భుజం పట్టుకుని కుదిపింది. తల ఆమె చేతి మీదికి వాలింది.

మూత తీసిన డబ్బాలో, అతని పాత చొక్కాల గుండీల మధ్య, కొంచెం పసుపు తిరిగిన ఆ పూస, మధ్యలో ఒకటే రంధ్రంతో, అన్నిటికన్నా పెద్ద గుండీలా ఉంది.