మూడు నిమిషాల వంటావార్పు

“నువ్వు పొయ్యి కాడ లేకుంటే నలుగురు ఏమనుకుంటరే? కన్వీనర్ పెండ్లాం కెమెరా పట్టుకొని తిరుగుతాందని నవ్వరా?”

తెలంగాణ ఉద్యమ కమిటీ కన్వీనర్ అయిన భర్త మనోహర్ ఈ మాట అన్నప్పుడు మాధవి చాటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతోంది. అది 2011 జూన్. ఇంకో మూడు గంటల్లో సిరిసిల్ల బస్టాండు ముందు వంటావార్పు. రోడ్డు బందు పెట్టి, దాని మీదే వండుకొని, అక్కడే తిని, తెలంగాణ ఇచ్చేదాకా కదలమని చెప్పడం. ఆ నెలలో ఊరూరా అదే. తెలంగాణ రావాలని మాధవికీ ఉంది, మనోహర్‌కు ఉన్నంత ఉంది. కాని ఆ పూట ఆమెకు కావాల్సింది వేరే.

కరీంనగర్‌లో ఆమె చదివే టీవీ జర్నలిజం డిప్లొమాకు చివరి పరీక్ష మూడు నిమిషాల వార్త. కెమెరా ఎవరు పట్టుకున్నా ఫరవాలేదు. రాత తనది కావాలి, గొంతు తనది కావాలి, సంఘటన జరుగుతున్న చోటే రిపోర్టర్‌గా తెర మీద కనబడాలి. ఆ ముక్కను పీటూసీ అంటారు. అది లేకపోతే సున్నా. నిరుడు పరీక్ష రోజే ఆడబిడ్డ సీమంతం వచ్చి పడింది, అరిసెలు వత్తుతూ పరీక్ష పోగొట్టుకుంది. “గీసారి గూడ తప్పితే ఇగ బందే. ఇంట్ల నాలుగు సాంచలున్నయి, కండెలు చుట్టుకుంట కూసో” అని మనోహర్ ఇంట్లోని మరమగ్గాలు చూపించి అప్పుడే తేల్చేశాడు. నిజానికి ఆమెకు టీవీలో కనబడాలన్న మోజేమీ లేదు. ఈ ఇంట్లో ఆమె మొదలుపెట్టిన మాట ఒక్కటీ చివరిదాకా సాగలేదు. మైకు పట్టుకొని నిలబడితే కనీసం మూడు నిమిషాలు ఎవరూ మధ్యలో మంచినీళ్లు తెమ్మనరు కదా, అదీ ఆమె ఆశ.

“నా మొకం పడాలె. లేకుంటే ఫెయిలే” అంది చాట దించి.

“పడ్తది తియ్. కెమెరా సాంబన్నకు ఇస్త. వంద పెండ్లిళ్లు తీసిండు, నీకంటె మంచిగ తీస్తడు.”

అత్త రాజమణి వంట గంజులు కడుగుతూనే అందుకుంది. “ఒక్క పూటే గదనే. అన్నం వార్చినంక నీ కెమెరా నువ్వు పట్టుకో. ఎవలొద్దన్నరు?”

ఒక్క పూట! పెళ్లయిన మూడేళ్లూ ఆమెకు ఒక్క పూట ఒక్క పూటగానే గడిచిపోయాయి.

బస్టాండు ముందు మగవాళ్లు టెంటు కింద మైకు దగ్గర కూర్చున్నారు. ఆడవాళ్లు ఎండలో పొయ్యిల దగ్గర కూర్చున్నారు. పచ్చి కట్టెలు, ఒకటే పొగ. పక్క పొయ్యి మీద పప్పుచారు కలుపుతున్న బుచ్చవ్వ, బీడీలు చుట్టి ఇద్దరు బిడ్డల పెండ్లిళ్లు చేసిన మనిషి, గరిటె ఆపి మాధవి వైపు చూసింది.

“ఇంట్ల వండుడు, రోడ్డు మీద వండుడు. తెలంగాణ అచ్చినంక ఏడ వండాల్నో ఎవలన్న చెప్పిండ్రా బిడ్డ?”

వార్త ఇదే! మాధవి కొంగుతో చేతులు తుడుచుకుంటూ టెంటు దగ్గరికి ఉరికింది. “సాంబన్నా, జర ఇటు రాయే. గా అవ్వ మాట్లాడుతది.”

“ఆగు చెల్లె. లీడర్లు మాట్లాడుతుండ్రు” అన్నాడు సాంబయ్య, కన్ను కెమెరాకే పెట్టి. వెనక నుంచి అత్త కేక వేసింది, అన్నం మాడుతోందని. వార్చాక వడ్డించాలన్నారు. వడ్డించాక గంజులు తోమాలన్నారు. ఆమె వెళ్లేసరికి టేపు అయిపోయింది. బందు కాబట్టి ఇంకో టేపు కొందామన్నా తెరిచిన దుకాణం లేదు. పొయ్యిలు ఆర్పేశారు, బస్సులు వదిలేశారు.

మర్నాడు పొద్దున్నే కరీంనగర్‌లో, ఎడిటింగ్ గదిలో టేపు చూసింది. సాంబయ్య పాపం తనకు వచ్చిందే తీశాడు. ఇరవై నిమిషాలు మనోహర్ ఉపన్యాసం. తరువాత, పెండ్లి బంతిలో తీసినట్టు, విస్తర్ల ముందు కూర్చున్న ఒక్కొక్క మగవాడి మొహం. ఆడవాళ్లు తొమ్మిదంటే తొమ్మిది సెకన్లు. పొగలో నాలుగు వీపులు. ఒకామె వంగి పొయ్యి ఊది, మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది. ఎవరబ్బా అనుకుంది. భుజం దగ్గర కుట్లు విడిన జాకెట్టు చూశాక తెలిసింది, తనే. అప్పుడు ఏడుపు ఆగలేదు.

“పీటూసీ లేదా అమ్మా?” మార్కులు వేసే దేవదాస్ సారు కూడా ఇబ్బంది పడ్డాడు. “పన్నెండు దాక టైముంది. తర్వాత నా చేతుల ఏం లేదు.”

పదిన్నరకు మనోహర్ ఫోను. “నా స్పీచి మంచిగ పెట్టు. సాయంత్రం సిరిసిల్ల కేబుల్ల ఏస్తరట, ఊరంత చూస్తది. కాపీ పట్కరా.”

స్పీచి పెడితే ఇల్లు చల్లగా ఉంటుంది, తను ఫెయిలవుతుంది, రేపటి నుంచి కండెలు. పెట్టకపోతే ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. వద్దు, ఇంటికి పోదాం అనుకుంది. లేచి తలుపు దాకా వెళ్లింది కూడా. అక్కడ నిలబడి, పోతే మళ్లీ ఈ గదిలోకి రానిస్తారా అని తనను తానే అడిగింది. రానివ్వరు. తిరిగొచ్చి కూర్చుంది.

స్పీచిలోంచి అర నిమిషం ఉంచింది. భోజనాలు ఉంచింది. ఆ తొమ్మిది సెకన్లను ఆఖరున పెట్టి, వంగిన వీపు దగ్గర బొమ్మను ఆపేసింది. కాపీలు రెండు తీయమని చెప్పింది, ఒకటి సారుకు, ఒకటి కేబుల్‌కు. మైకు ముందు గొంతు సవరించుకుంది. మొదటిసారి మాట తడబడింది. రెండోసారి సాఫీగా వచ్చింది.

“పొగలో వంగి పొయ్యి ఊదుతున్న ఈమె ఈ వార్త రిపోర్టర్. మైకు పట్టుకోవడానికి ఆమె చెయ్యి ఖాళీ కానివ్వలేదు. మాధవి, సిరిసిల్ల.”