చచ్చాక నవ్విన మరమనిషి

నేను ఒక హంతక మరమనిషి తలకాయను. కంగారు పడకండి, ఫైబర్‌తో చేసినదాన్ని. కృష్ణానగర్‌లో పెళ్లి మండపాలకు ఏనుగు బొమ్మలు పోసే షెడ్డులో పుట్టాను. నా ఎర్రకళ్లు ఏవో పాత స్కూటర్ల వెనక లైట్లు. ‘లోహాసురుడు’ అనే సీరియల్లో ఏడాదిపాటు రోజూ జనాన్ని చంపాను. అదీ గొంతు పిసికే చంపాలి, ఎందుకంటే తుపాకీకి అద్దె కట్టాలి. ఇంత చేసినా నన్ను చూసి ఒక్క పసిపిల్లాడూ జడుసుకోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఒళ్లంటూ లేకపోయినా.

నాలో దూరే మనిషి పేరు నూకరాజు. బొబ్బిలి వైపు నాటకాల్లో దుర్యోధనుడు వేసినవాడు. ఊళ్లో ఆయన భార్య పైడితల్లి, టీవీలో ఉన్నది మా ఆయనే అని చెబితే ఇరుగుపొరుగు నవ్వేవారట. ముఖం కనపడని మొగుణ్ని ఎవరు నమ్ముతారు? అందుకే ఆయనకు ఒకటే కోరిక, ఒక్కసారి తన ముఖం తెర మీద పడాలని. ఆఖరి ఎపిసోడ్‌లో తల ఊడదీసి చూపిస్తానని డైరెక్టర్ విశ్వమోహన్ మాట ఇచ్చాడు. ఆ మాట పట్టుకునే నూకరాజు నన్ను ఏడాదంతా మోశాడు.

ఆ రోజు రానే వచ్చింది. హీరోయిన్ అత్తగారు బిందెడు పసుపునీళ్లు కుమ్మరిస్తే నేను షార్ట్ సర్క్యూటై చచ్చాను. సైన్సు అంతవరకు చాలనుకున్నారు. తల తీసే సీను మాత్రం ఎగిరిపోయింది. ఆ కాస్త సమయం అత్తగారి కన్నీళ్లకు కావాలని చానల్ వాళ్లు చెప్పారట.

అయితే ఈ రంగంలో ఒక పట్టింపు ఉంది. తెర మీద చచ్చినవాడు షాట్ కాగానే కెమెరా వంక చూసి నవ్వాలి, లేకపోతే అరిష్టం. ఆ ముక్క తర్వాత కోసేస్తారు. కెమెరామన్ గుర్తుచేయగానే నూకరాజు నన్ను ఊడదీసి, కళ్లనిండా నీళ్లతో నవ్వాడు. ఎపిసోడ్ ఆ సాయంత్రమే ప్రసారం కావాలి. ఆ హడావిడిలో ఎడిటర్ నవ్వు కోయడం మరిచిపోయాడు.

చూసినవాళ్లంతా హడలిపోయారు. మరమనిషి లోపల మనిషి, అదీ ఏడుస్తూ నవ్వే మనిషి! ఏడాదిపాటు నావల్ల కానిది ఆయన ముఖం ఒక్క చూపుతో చేసేసింది. నాకు కుళ్లు పుట్టింది, దాచడమెందుకు?

మర్నాడే విశ్వమోహన్ పిలిచాడు. జనం అంతలా హడలిపోయారు కాబట్టి సీరియల్ ఆగదట. తల తీస్తే కనపడే ముఖానికి బెంగళూరు నుంచి తెల్లటి కుర్రాణ్ని తెస్తారట. నూకరాజు మాత్రం ఎప్పటిలాగే తలలో ఉండాలట. పొట్టకూటి మనిషి, సరేననబోయాడు. అంతలో ఫోను మోగింది. నేను ఆయన ఒళ్లోనే ఉన్నాను కాబట్టి పైడితల్లి గొంతు నాకూ వినపడింది.

“సూసేను మావా. ఏటలా సిక్కిపోనావు? ఆళ్లు కూడెడతన్నారా, నేదా?”

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నన్ను డైరెక్టర్ చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

విశ్వమోహన్ నన్ను ఓసారి తలకు తగిలించుకుని చూశాడు. ఊపిరాడక వెంటనే తీసేశాడు.