జోళ్ళ పెట్టెలో సాము పుస్తకం

గెంగ్ బావ్‌తియెన్‌కు డెబ్బై ఒకటో ఏట బడిపిల్లాడి కష్టం వచ్చిపడింది. నాలుగు రోజుల్లో ఒక పుస్తకం రాసిపెట్టాలి. ఆయనకు రాత రాదని కాదు. కూర్చుంటే ఒక్క పద్యమూ గుర్తుకు రాదు. లేచి అడుగులు వేస్తే అన్నీ వరసగా నోటికొస్తాయి. వచ్చినవి రాద్దామని కూర్చోగానే మళ్ళీ మాయమవుతాయి. అందుకని పొద్దుటినుంచీ వాకిట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ, రెండడుగులు వేయడం, బల్ల దగ్గరికి ఉరికి నాలుగు మాటలు గీకడం, తిరిగి మొదటి అడుగు నుంచి అందుకోవడం చేస్తున్నాడు. మధ్యలోంచి మొదలుపెడదామంటే కాళ్ళు ఒప్పుకోవు, యాభై ఏళ్ళ అలవాటు మరి. మధ్యాహ్నానికి కాగితం మీద ఎనిమిది అడుగులే పడ్డాయి. మోకాలు మాత్రం బాగా వాచింది.

ఇదంతా నింగ్ తెచ్చిన తంటా. నింగ్ జిల్లా క్రీడల ఆఫీసులో పనిచేసే అమ్మాయి. ఊరూరా ఉన్న పాత సాము విద్యలన్నిటినీ లెక్క రాసి, పాత పుస్తకాలు ఉంటే చూసి నకలు దించుకోమని ఆ ఏడు ప్రభుత్వం పురమాయించింది. అమ్మాయి మంచిదే. సైకిలు దిగి, ముసలాయన ఇచ్చిన టీ తాగి, ఆయన వేసిన ఇరవైనాలుగు అడుగులూ కన్నార్పకుండా చూసి, ఇలాంటి కాలిపని ఎక్కడా చూడలేదంది. గెంగ్ పొంగిపోయి ఇంకో కప్పు పోశాడు. అప్పుడడిగింది పుస్తకం ఏదని. లేదన్నాడు. గురువుల పేర్లైనా ఉన్నాయా అని అడిగితే ఏడు తరాల పేర్లూ గడగడా అప్పజెప్పాడు. నింగ్ కలం మూతపెట్టి, చాలా మెల్లగా చెప్పింది.

"గురువుగారూ, నోటిమాట మీద విడిగా పేజీ ఇవ్వడానికి లేదండీ. పుస్తకం, పేర్ల వరస ఉంటే మీ సాము మీ పేరునే ఎక్కుతుంది. లేకపోతే ఏటి అవతల తియావ్ గారి ఇనుపభుజాల సాముకు కొమ్మగా రాయాలి. ఆయన సరేనన్నారు కూడానూ. నాలుగు రోజులాగి మళ్ళీ వస్తాను, ఈలోగా చూడండి."

ఎందుకు అనడు? తియావ్ లియెన్‌షాన్ ఇరవయ్యో ఏట నుంచీ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ఆయన దగ్గర పుస్తకం ఉంది. ఎర్ర పట్టుగుడ్డలో చుట్టి ఉంటుంది. భోజనానికి వచ్చినవాళ్ళకు కూర వడ్డించకముందే అది చూపిస్తాడు. ముప్పై ఏళ్ళ కిందట సంతలో నలుగురి ముందూ, గెంగ్ చేసేది సాము కాదు, తమ ముత్తాతగురువు తిన్నది అరగడానికి చేసిన నడక అన్నాడు. గెంగ్ మారు మాట్లాడకుండా ఆయన్ను పుచ్చకాయల బండిలోకి తోశాడు. తోసింది తొమ్మిదో అడుగుతో. అది ఇద్దరికీ గుర్తే.

గెంగ్ దగ్గరా ఒకప్పుడు పుస్తకం ఉండేది. గురువు స్వహస్తంతో నకలు రాసి, అగరొత్తులు వెలిగించి, ఈ పేరు నీతో ఆగిపోకూడదు నాయనా అని చేతిలో పెట్టిన పుస్తకం. అడుక్కో ఆకు, ఆకుకో బొమ్మ, బొమ్మ పక్కన పద్యం, చివర గురువుల పేర్ల ఆకు. పద్దెనిమిదేళ్ళ కిందట, పాత వస్తువులు దాచుకోవడమే నేరమై ఇళ్ళు సోదా చేస్తున్న రోజుల్లో, దాన్ని తగలెట్టమని పెళ్ళాంతో చెప్పి ఆయన జొన్నచేలోకి పోయి కూర్చున్నాడు. తన చేత్తో తాను చేయలేకపోయాడు. తిరిగి వచ్చేసరికి పొయ్యిలో కాగితం బూడిద కనిపించింది. ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆ ఆవిడ, పాన్ షుచెన్, ఇప్పుడు గడప మీద కూర్చుని జోడు అట్టకు ఆరెతో చిల్లులు పొడుస్తూ ఈ ఉరుకులు పరుగులన్నీ చూస్తోంది. తొమ్మిదో అడుగు దగ్గర మొగుడు ఐదోసారి ఆగిపోయినప్పుడు, ఎడమకాలు కదయ్యా అంది. ఆయనకు ఒళ్ళు మండింది.

"ఆ రోజు అంత తొందరగా తగలెట్టకపోతే ఇవాళ నాకీ గతి పట్టేదా?"

పద్దెనిమిదేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. అనగానే నాలిక్కరుచుకున్నాడు. షుచెన్ ఆరె పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. ఏడుస్తుందనుకున్నాడు. ఆవిడ చేతిలో జోళ్ళ పెట్టెతో తిరిగొచ్చింది. ప్రతి ఇంట్లోనూ ఉండేదే. ఇంటిల్లిపాది పాదాలకూ, ఇరుగుపొరుగు పాదాలకూ సరిపడా కత్తిరించి దాచుకున్న ఆది కాగితాలు ఉంటాయందులో. ఆ కాగితం పెట్టి గుడ్డజోళ్ళ అట్ట కోస్తారు. ఆవిడ ఒక ఆది తీసి ఆయన మోకాలి మీద పెట్టింది.

పాదం ఆకారంలో ఉన్న ఆ కాగితం మీద, ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి ఉన్నాడు. పక్కన పద్యం, గురువు చేతిరాత. పద్యం మీద బొగ్గుతో చిన్న ఖర్జూరపండు బొమ్మ. ఖర్జూరచెట్టున్న ఇంటి అత్తగారి పాదం అని దానర్థం. షుచెన్‌కు చదువు రాదు, గుర్తులన్నీ అలాగే వేసుకుంటుంది.

"తగలెట్టమన్నది నువ్వు. నేను తగలెట్టింది అంచులు" అంది.

 గెంగ్ నోట మంచి మాట రాలేదు. గురువు పుస్తకానికి కత్తెర పెడతావా, చేతులెలా వచ్చాయి అని ఎగిరాడు. షుచెన్ ఎగరనిచ్చింది. ఆ రోజు సోదాకు వచ్చినవాళ్ళు ఈ పెట్టెను తిరగేశారట. జోళ్ళ ఆదులేగా అని పక్కకు నెట్టేశారట. అది చెప్పి, ఒక్క బొమ్మకైనా తల తెగిందేమో చూసుకోమంది. ఆయన ఒక్కో ఆదీ తీసి చూశాడు. తల కాదు, వేలి కొన కూడా తెగలేదు. చదువు రాని మనిషి బొమ్మ చెదరకుండా, దాని పక్క రాత పోకుండా పాదం గీత తిప్పుకుంటూ కత్తిరించిందంటే ఎంతసేపు పట్టి ఉంటుందో ఆలోచించాడు. ముసలాయన కళ్ళు చెమ్మగిల్లాయి. ముఖం తిప్పుకుని, మోకాలు నొప్పిగా ఉందన్నాడు.

పెట్టెలో ఉన్నవి ఏడు. మిగతావి ఊళ్ళోకి పోయాయి. ఆది అడిగితే లేదనకూడదు, ఇచ్చింది తిరిగి అడగకూడదు. అది ఆ ఊరి మర్యాద. ఆ మర్యాద తప్పడానికి షుచెన్ ఒక రాత్రంతా సిగ్గుపడి, పొద్దున్నే ఊరి ఆడవాళ్ళంతా చేరే తిరగలి దగ్గరికి వెళ్ళి ఒకే ఒక్కసారి చెప్పింది. ఆ పూటకల్లా వాకిలంతా ఆడవాళ్ళే. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, ఎవరి పాదం ఎంత పెద్దదో ఎకసెక్కాలాడుతూ ఒక్కొక్కరూ ఆదులు తీసిచ్చారు. ఒకామె తెచ్చింది చనిపోయిన అత్తగారి పాదం. పని కాగానే తిరిగివ్వాలని గెంగ్ చేత ఒట్టు వేయించుకుని మరీ ఇచ్చింది. ఇన్నేళ్ళూ తమ కాళ్ళ కింద సాము ఉందని తెలిసి ఒక ముసలమ్మ, అందుకేనా మా ఆయన నన్నెప్పుడూ కొట్టలేకపోయాడు అంది. నవ్వులతో కోళ్ళు బెదిరి గోడ ఎక్కాయి.

గెంగ్ ఆదులన్నీ ఇటుకలతో కట్టిన మంచం మీద వరసగా పేర్చాడు. ఇరవై రెండు తేలాయి. పదిహేనోది చిరిగిపోతే ఎవరో వార్తాపత్రిక మీద దించుకుని పాతది పారేశారు. పాదం మిగిలింది, సాము పోయింది. తొమ్మిదోది అసలు రాలేదు. షుచెన్ తల గోక్కుని, సోదాకు వచ్చిన గుంపులో ఏటి అవతల పిల్ల ఒకతె, మా అమ్మ పాదం ఇంతే ఉంటుంది, ఇది తీసుకోనా పెద్దమ్మా అని అడిగి పట్టుకెళ్ళిందని గుర్తు చేసుకుంది. ఆ పిల్ల ఇప్పుడు తియావ్ ఇంటి కోడలు.

గెంగ్‌కు తల కొట్టేసినట్టయింది. ఉన్న అన్ని అడుగుల్లోనూ ఆ అడుగే ఆ ఇంట్లో ఉండాలా! కొమ్మ కాదు, వేరు కింద మట్టి అని రాసుకున్నా సరే, వాడి గడప తొక్కనన్నాడు. షుచెన్ వాదించలేదు. సోయాజున్ను అమ్మేవాడితో కోడలికి కబురు పంపించి, ఆ సంగతి మొగుడికి చెప్పలేదు.

నాలుగో రోజు నింగ్ సైకిలు వెనకే తియావ్ నడిచి వచ్చాడు. చంకలో ఎర్ర పట్టుగుడ్డ మూట. కొమ్మను అప్పగించుకోవడానికి వచ్చాడని గెంగ్ పళ్ళు కొరికాడు. తియావ్ పలకరించకుండా బల్ల మీద మూట విప్పాడు. ఆయన పుస్తకం మీద, పాదం ఆకారంలో, అరిగి నున్నబడ్డ కాగితం ఉంది.

"మా కోడలు దీంతోనే నాకు జోళ్ళు కోస్తోందట. పదిహేనేళ్ళుగా నీ తొమ్మిదో అడుగు మీదే నడుస్తున్నానయ్యా" అన్నాడు.

"ఒకసారి దాంతో పడ్డావు కూడా."

"మర్చిపోలేదులే. నిన్న కూర్చుని పద్యం చదివాను. మా పుస్తకంలో మొదటినుంచి చివరిదాకా వెతికాను. ఇలాంటిది మాకు లేదు. లేనిదానికి కొమ్మ ఎక్కడినుంచి వస్తుంది?"

ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో గెంగ్‌కు తెలుసు. తానైతే అనగలిగేవాడా అని ఒక్క క్షణం ఆలోచించి, తేల్చుకోలేక, కుర్చీ లాగి ఆయనకు వేశాడు.

పదిహేనో అడుగు సంగతి చెబితే, మీరు వేయండి, చెప్పండి, నేను రాస్తాను అంది నింగ్. గెంగ్ మొదటి అడుగు నుంచి మొదలుపెట్టాడు, మరి కాళ్ళు వేరే విధంగా ఒప్పుకోవుగా. వాచిన మోకాలితో పదిహేనో అడుగు దాకా వచ్చాడు. పద్యం నాలుగు పాదాలూ గొంతులోంచి వాటంతటవే వచ్చాయి. తియావ్ గట్టిగా మెచ్చుకుని, వెంటనే దగ్గాడు.

ఇక మిగిలింది పేర్ల ఆకు. అది లేకపోతే ఇవన్నీ ఉన్నా విడి పేజీ రాదని నింగ్ బాధగా చెప్పింది. షుచెన్ ముఖంలో మొదటిసారి తడబాటు కనిపించింది. లోపలికి వెళ్ళి, ట్రంకు అడుగునుంచి నీలంగుడ్డ మూట తెచ్చి విప్పింది. కొత్త జోళ్ళు. అట్టల మీద తామరపూలు కుట్టి ఉన్నాయి. అవి మనిషి చనిపోయిన రోజున కాళ్ళకు తొడిగే జోళ్ళని అక్కడ అందరికీ తెలుసు. మొగుడికి అరవై నిండిన ఏడు ఆవిడే కుట్టిపెట్టింది.

"ఆ ఆకు మీద బొమ్మ లేదు, అన్నీ అక్షరాలే" అంది షుచెన్. "ఏటేటా నువ్వు దానికి దణ్ణం పెట్టుకునేవాడివి. కత్తెర పెట్టబుద్ధి కాలేదు. ఏడేళ్ళు నా దిండులో దాచి, తర్వాత ఇందులో పెట్టి కుట్టేశాను. మీ గురువుగారి దగ్గరికి నువ్వు ఒట్టి చేతులతో వెళ్ళడం నాకు ఇష్టం లేదు."

 ఆవిడే ఆరెతో కుట్లు ఒక్కొక్కటే విప్పి, ఎడమజోడు అట్టలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. నింగ్ దాన్ని వెలుతురులో పరిచి ఏడు పేర్లూ చదివింది. తర్వాత ఎనిమిదోది చదివింది: గెంగ్ బావ్‌తియెన్. అది గురువు రాసిన పేరు. అప్పజెప్పినప్పుడు గెంగ్ తన పేరు చెప్పుకోలేదు. ఇరవైనాలుగు అడుగుల సాము అని కొత్త పేజీ పైన రాసి నింగ్ కిందగీత గీసింది.

ఆ మధ్యాహ్నం తియావ్ ఆరు ఆవిరి రొట్టెలు తిని, ముల్లంగి ఊరగాయ తన ఇంట్లోనే బాగుంటుందని చెప్పి వెళ్ళాడు. వాకిలి ఖాళీ అయ్యాక గెంగ్ విప్పేసిన జోడు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.  చివరికి, ఇప్పుడు నేను పోదామన్నా జోళ్ళు లేవే అన్నాడు.

షుచెన్ గడప మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. మూడుసార్లు తప్పిపోయింది.

"మళ్ళీ కుట్టాలి. నా కళ్ళు చూశావుగా, పదేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఆగు."

గెంగ్ ఆవిడ చేతిలోంచి సూది తీసుకుని, దారం ఎక్కించి ఇచ్చాడు.

"ఆగుతాను. నువ్వు తొందరపడకు" అన్నాడు.